ఇంటి అక్వేరియంలో సముద్రం: ఏ అంకెను పట్టించుకోవాలి?

ఉప్పునీటి అక్వేరియం ఉన్న ఇంట్లో కొలుచుకోవడానికి అంకెల కరువు లేదు. లవణత, ఉష్ణోగ్రత, పీహెచ్, ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, ఫాస్ఫేట్ అన్నిటికీ కిట్లు దొరుకుతున్నాయి. అవి చాలవనుకుంటే చిన్న సీసాలో నీళ్ళు పట్టి ప్రయోగశాలకు పంపితే అయోడిన్ నుంచి వెనేడియం దాకా పెద్ద జాబితా చేతికొస్తుంది. ఇన్నింటిలో చేపలు, పగడాలు బతకడానికి నిజంగా అవసరమైనవి ఏవన్న ప్రశ్నకు నూట డెబ్బై ఏళ్ళుగా జవాబులు మారుతూనే ఉన్నాయి. ఆ జవాబులన్నీ చదివి, తొట్టెలు చూసి నాకు కుదిరిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అంకె ఎంతుందో తెలిస్తే సగమే తెలిసినట్టు. అది ఎటు కదులుతోందో, ఎందుకు కదులుతోందో తెలియాలి. ఆ కదలికను అందరికంటే ముందు పట్టించేది ఆల్కలినిటీ.

ఈ వ్యాపకానికి పునాది వేసినవాళ్ళలో ఒకరు రసాయన శాస్త్రజ్ఞుడే. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ 1850 ప్రాంతంలో గాజుతొట్టెలో చేపలను, మొక్కలను కలిపి పెట్టి, ఒకటి విడిచిన వాయువు మరొకదానికి ఎలా పనికొస్తుందో చూపించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో జనం చూడ్డానికి అక్వేరియం తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ గాస్ మామూలు ఉప్పు, ఎప్సం ఉప్పు, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ కలిపి కృత్రిమ సముద్రజలం తయారుచేసే పద్ధతి ప్రకటించాడు. నాలుగు లవణాలతో సముద్రాన్ని చేయడం ఇప్పుడు మొరటు పనిగా కనిపించవచ్చు. కానీ ఆ లెక్కలో పెద్ద పాలు సరైనదే. తర్వాత ఛాలెంజర్ ఓడ 1872 నుంచి 1876 దాకా ప్రపంచ సముద్రాలు తిరిగి తెచ్చిన నీళ్ళలో 77 నమూనాలను విలియం డిట్మార్ విశ్లేషించి 1884లో ఫలితాలు వెల్లడించాడు. నీరు ఎంత ఉప్పగా ఉన్నా ప్రధాన లవణాల మధ్య నిష్పత్తి దాదాపు మారదని అందులో తేలింది. ఇవాళ మనం కొనే ప్రతి ఉప్పు ప్యాకెట్టూ ఈ ఒక్క సూత్రం మీద ఆధారపడే తయారవుతుంది. లవణత వెయ్యికి 35 పాళ్ళ దగ్గర ఉంటే లీటరుకు కాల్షియం సుమారు 410 మిల్లీగ్రాములు, మెగ్నీషియం సుమారు 1,290 ఉండాలి. ఉప్పు కొలత సరిగ్గా ఉంటే ఇవన్నీ వాటంతట అవే సరిపోతాయి.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు రిఫ్రాక్టోమీటర్ మీద డబ్బు పెట్టాలంటాను. బజారులో చవకగా దొరికే వాటిలో చాలావరకు ఉప్పుద్రావణం కోసం చేసినవి, సముద్రజలం కోసం కాదు. వాటిని స్వచ్ఛమైన నీటితో సున్నా దగ్గర సరిచేసినా 35 దగ్గర తప్పు చూపవచ్చు. లవణత 35 ఉన్న ప్రామాణిక ద్రావణం చుక్క వేసి సరిచేసుకుంటే ఆ దోషం పోతుంది. 25 డిగ్రీల దగ్గర సాపేక్ష సాంద్రత 1.026 అన్నా లవణత 35 అన్నా ఒకటే.

మన ఇళ్ళలో లవణతను చెడగొట్టేది ఎండాకాలం. పులుసు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టే తొట్టె కూడా. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు అక్కడే ఉంటుంది. 200 లీటర్ల తొట్టెలో ఆరు లీటర్లు తగ్గితే 35 కాస్తా 36 దాటుతుంది. మే నెలలో, పైన ఫ్యాను తిరుగుతుంటే అందుకు రెండు మూడు రోజులు చాలు. తగ్గిన చోట ఉప్పునీళ్ళు పోసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పోయవలసింది మంచినీళ్ళు, అవీ కరిగిన లవణాలన్నీ తీసేసిన ఆర్‌ఓ–డీఐ నీళ్ళు. తెలంగాణలో బోరునీళ్ళ కాఠిన్యం గురించి, నల్గొండ ఫ్లోరైడ్ గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. రోజూ ఆ నీళ్ళే పోస్తే నీరు ఆవిరై, అందులోని లవణాలు తొట్టెలో పేరుకుంటాయి. తాగడానికి ఇంట్లో ఉన్న ఆర్‌ఓ చాలదా అని అడుగుతారు. ఆ యంత్రాల్లో చాలావాటిలో రుచి కోసం కొంత పచ్చినీటిని తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది, డీఐ రెజిన్ ఉండదు. కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు సున్నా చూపే దాకా ఆ నీటిని నమ్మకూడదు.

విశాఖలో ఉన్నవాళ్ళకు ఇంకో ఆశ ఉంటుంది. సముద్రం పక్కనే ఉండగా ఉప్పు కొనడం ఎందుకని. నీరు మంచిదే కావచ్చు, కానీ ఏ నెలలో పట్టారన్నది ముఖ్యం. వానాకాలం తర్వాత గంగా బ్రహ్మపుత్రల మంచినీరు తీరం వెంబడి దక్షిణానికి పారుతుంది. గోదావరి కలిపేది సరేసరి. ఆ నెలల్లో మన తీరపు పైపొర లవణత 30 కంటే కిందికి కూడా పడుతుంది. ఓడరేవు, పరిశ్రమలు ఉన్న చోట నీటితో లోహాలు, నూనె కూడా వస్తాయి. కొలిచి, వడగట్టి, కొన్నాళ్ళు చీకటిలో నిలవబెట్టి వాడగలిగితే వాడవచ్చు. అంత ఓపిక లేనివాళ్ళకు ప్యాకెట్ ఉప్పే మేలు.

అమ్మోనియా సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా దాటేస్తాను. చేప విసర్జన, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బాక్టీరియా స్థిరపడటానికి మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలు వేయకూడదు. మంచినీటి చేపలు పెంచి ఉప్పునీటికి వచ్చినవాళ్ళు రెండు విషయాలు మార్చుకోవాలి. మొదటిది, పీహెచ్ 8.2 దగ్గర అమ్మోనియాలో విషపు రూపం వాటా పీహెచ్ 7 దగ్గర ఉండేదానికి పది రెట్లకు పైనే. మంచినీటి తొట్టెలో చేప తట్టుకున్న మోతాదు ఇక్కడ ప్రాణం తీస్తుంది. రెండోది నైట్రైట్. మంచినీటిలో అది నెత్తురులోకి చేరి ఊపిరి ఆడనివ్వదు. సముద్రజలంలో విపరీతంగా ఉండే క్లోరైడ్ మొప్పల దగ్గర దాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి ఉప్పునీటి తొట్టెలో కొద్దిపాటి నైట్రైట్ చూసి అర్ధరాత్రి నీళ్ళు మార్చడం అనవసరం.

ఇక ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, ముఖ్యంగా బైకార్బొనేట్ వల్ల వచ్చేది. భీమవరం వైపు రొయ్యల చెరువుల రైతును అడగండి, ఈ మాట మనకంటే అతనికే బాగా తెలుసు. చెరువు నీటిని ల్యాబుకు పంపి, ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం చూసుకుని, సున్నమో డోలమైటో మినరల్సో వేస్తాడు. మౌల్టింగ్ తర్వాత రొయ్య కొత్త పెంకు గట్టిపడాలంటే అవి కావాలి. పగడం అవసరమూ అలాంటిదే. అది నీటిలోంచి కాల్షియాన్ని, బైకార్బొనేట్‌ను తీసుకుని అరగోనైట్ అనే కాల్షియం కార్బొనేట్‌గా తన అస్థిపంజరం కట్టుకుంటుంది. ఆ కట్టుబడి నిష్పత్తి రసాయనికంగా స్థిరం. ఆల్కలినిటీ దాని కొలమానంలో 1 డీకేహెచ్ తగ్గితే కాల్షియం లీటరుకు సుమారు 7 మిల్లీగ్రాములు తగ్గుతుంది.

ఇక్కడే లెక్క ఆసక్తికరంగా మారుతుంది. సముద్రంలో ఆల్కలినిటీ 7 డీకేహెచ్‌కు అటూ ఇటూ, కాల్షియం 410. పగడాలు నిండుగా ఉన్న తొట్టె రోజుకు 1 డీకేహెచ్ తినేస్తుందనుకోండి. మూడు రోజుల్లో ఆల్కలినిటీ 7 నుంచి 4కు పడి, పగడం పాడవడం మొదలవుతుంది. అదే మూడు రోజుల్లో కాల్షియం 410 నుంచి 389కి మాత్రమే దిగుతుంది. ఆ తేడా చాలా కిట్ల లోపంలోనే మునిగిపోతుంది. రెండూ ఒకే పనికి, ఒకే నిష్పత్తిలో ఖర్చవుతున్నా, నిల్వ తక్కువగా ఉన్నది ముందు బయటపడుతుంది. కాల్షియం కిట్టు చూసి అంతా బాగుందనుకునేవాళ్ళ పగడాలు ఎందుకు తెల్లబోతాయో ఇది చెబుతుంది. పగడాల తొట్టెలో రెండు రోజులకోసారి ఒక్క పరీక్షే చేయగలిగితే అది ఆల్కలినిటీ కావాలనడానికి నా కారణం ఇదే.

వారానికి పదిశాతం నీళ్ళు మార్చితే చాలుగదా అనేవాళ్ళకు కూడా ఈ లెక్కే జవాబు. పై తొట్టె వారంలో 7 డీకేహెచ్ తింటుంది. 8 డీకేహెచ్ ఉన్న కొత్తనీరు పదిశాతం పోస్తే పెరిగేది ఒక్క డీకేహెచ్ కూడా కాదు. మెత్తని పగడాలు నాలుగైదు ఉన్న చోట నీటి మార్పు సరిపోతుంది, గట్టి పగడాల తొట్టెకు సరిపోదు. కాబట్టి ఖర్చయిందాన్ని తిరిగి ఇవ్వాలి. దానికి మార్గాలు వచ్చిన క్రమమే ఈ వ్యాపకపు చరిత్రలో మంచి భాగం.

జకార్తాలో లీ చిన్ ఎంగ్ 1961లో సముద్రపు రాళ్ళు, సహజజలం, గాలి బుడగలతో పగడాలను పెంచిన విధానాన్ని ప్రకటించి, ఇది ఇంట్లో సాధ్యమేనని చూపించాడు. తర్వాత స్విట్జర్లాండ్, జర్మనీల్లో పీటర్ విల్కెన్స్ వంటివాళ్ళు సున్నపు తేటను పట్టుకున్నారు. జర్మన్లు కాల్క్‌వాసర్ అనే ఆ నీరు కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, తేరుకున్నాక పైన తీసుకున్నది. దాని పీహెచ్ 12 దాటుతుంది. ఆవిరైన నీటికి బదులు రాత్రంతా చుక్కచుక్కగా వేస్తే కాల్షియం, ఆల్కలినిటీ సరైన నిష్పత్తిలోనే అందుతాయి, పీహెచ్ కూడా పెరుగుతుంది. లోపం ఏమిటంటే ఆవిరైనంత మేరకే ఇవ్వగలం. మన వాతావరణంలో ఆవిరి ఎక్కువ కాబట్టి ఈ పాత పద్ధతి మనకు యూరప్‌లోకంటే బాగా నప్పుతుంది. అయినా ఇక్కడ పెద్దగా వాడుకోకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. గోడలకు వేసే సున్నం మాత్రం వద్దు, శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కావాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే తొట్టె తెల్లగా విరిగిపోతుంది.

పెద్ద తొట్టెలకు కాల్షియం రియాక్టర్లు వచ్చాయి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కించిన నీరు పగడపు గుళ్ళను కరిగించి తొట్టెలోకి వదులుతుంది. ఇంతకంటే సులువైనది రెండు సీసాల పద్ధతి. ఒకదానిలో కాల్షియం క్లోరైడ్, ఇంకోదానిలో సోడియం బైకార్బొనేట్ లేదా కార్బొనేట్. రెండూ వేస్తూ పోతే వెనక మామూలు ఉప్పు మిగులుతుంది. దాన్ని సరితూచడానికి సోడియం క్లోరైడ్ లేని లవణమిశ్రమం మూడోదిగా చేర్చింది హాన్స్ వెర్నర్ బాలింగ్. అమెరికాలో రాండీ హోమ్స్ ఫార్లీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఇవన్నీ చవకగా దొరికే వాటితో చేసుకునే కొలతలు రాసి, ఖరీదైన సీసాల అవసరం లేదని వేలమందికి నేర్పించాడు. ఆ కొలతల్లో ఒకటి మనకూ పనికొస్తుంది. 200 లీటర్ల తొట్టెలో ఆల్కలినిటీ 1 డీకేహెచ్ పెంచడానికి ఆరు గ్రాముల వంటసోడా చాలు. బేకింగ్ పౌడరు వేరు, అది వాడకూడదు. రోజుకు 1 డీకేహెచ్‌కు మించి పెంచకపోవడం మంచిది.

కాల్షియం, ఆల్కలినిటీ ఎంత వేసినా నిలవకపోతే మెగ్నీషియం వైపు చూడాలి. సముద్రజలంలో అరగోనైట్ ఇప్పటికే కరగవలసినదానికి మూడు రెట్లకు పైగా నిండి ఉంది. అది వెంటనే గడ్డకట్టి అడుగుకు చేరకపోవడానికి మెగ్నీషియం ఒక కారణం. పుట్టబోయే స్ఫటికం ఉపరితలానికి అంటుకుని దాని ఎదుగుదలను ఆపుతుంది. మెగ్నీషియం పడిపోతే హీటర్ మీద, పంపు లోపల సున్నపు పొర కట్టడం మొదలవుతుంది. అది నెలకోసారి చూసుకుంటే చాలు.

పీహెచ్ గురించి నేను పుస్తకాలతో కొంత విభేదిస్తాను. 8.1 నుంచి 8.4 మధ్యే ఉండాలని చాలాచోట్ల రాశారు. ఏసీ వేసి తలుపులన్నీ మూసిన గదిలో నలుగురు నిద్రపోతే అక్కడి గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటికంటే రెండు మూడు రెట్లు అవుతుంది. అది నీటిలో కరిగి పీహెచ్‌ను 7.9కో 7.8కో దించుతుంది. తొట్టెలో తప్పేమీ లేదు, తప్పు గదిగాలిది. అది తెలియక పీహెచ్ పెంచే పొడి పోస్తే పెరిగేది ఆల్కలినిటీ. రెండు గంటల్లో పీహెచ్ మళ్ళీ అక్కడికే దిగి, ఆల్కలినిటీ మాత్రం పైనే ఉండిపోతుంది. మళ్ళీ పొడి, మళ్ళీ పెరుగుదల. ఆల్కలినిటీ 12, 13 దాటి పగడాల కొసలు కాలిపోయిన తొట్టెల్లో ఎక్కువ భాగం కథ ఇదే. కిటికీ తెరవడం, ప్రొటీన్ స్కిమ్మర్ గాలిగొట్టాన్ని బయటికి తీయడం, సున్నపు తేట వాడటం: ఇవి కారణాన్ని సరిచేసే పనులు. ఆల్కలినిటీ నిలకడగా ఉన్నంతవరకు 7.8 చూసి కంగారు పడనక్కర్లేదు.

ఇక ఈ ముప్పై ఏళ్ళలో అభిప్రాయం పూర్తిగా తిరగబడిన విషయం నైట్రేట్, ఫాస్ఫేట్. పగడపు దిబ్బల నీటిలో ఫాస్ఫేట్ లీటరుకు 0.02 మిల్లీగ్రాములు కూడా ఉండదు. కనుక తొట్టెలో సున్నాకు తేవాలని ఒక తరం పట్టుబట్టింది. ఇనుప ఆక్సైడ్ గుళికలు, వోడ్కా చుక్కలు వేసి బాక్టీరియాను పెంచడం, జియోలైట్ గొట్టాలు అన్నీ ఆ లక్ష్యం కోసం వచ్చినవే. స్మిత్‌సోనియన్‌కు చెందిన వాల్టర్ ఏడీ నాచుతోనే నీటిని శుభ్రపరిచే పద్ధతి చూపించాడు. ఆ దారి కూడా అటే. కిట్టు సున్నా చూపడమే గొప్పగా చెప్పుకునేవాళ్ళు. కానీ ఆ తొట్టెల్లో చాలావాటిలో పగడాలు వెలవెలబోయాయి, ఇసుక మీద గోధుమరంగు జిగురులా డైనోఫ్లాజెల్లేట్లు పరుచుకున్నాయి.

వాదంలో జారిపోయిన సంగతి ఇది. దిబ్బ నీటిలో కరిగిన పోషకాలు తక్కువే, కానీ దాని మీదుగా రోజంతా సూక్ష్మజీవుల రూపంలో మేత ప్రవహిస్తూనే ఉంటుంది. చేపల గుంపులు పగడాల పైనే విసర్జిస్తాయి. తొట్టెలో ఆ మేత లేనప్పుడు కరిగిన పోషకం కూడా తీసేస్తే పగడానికి మిగిలేది ఏమీ లేదు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన వీడెన్‌మాన్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధన దీనికి బలమిచ్చింది. నైట్రేట్ ఎక్కువై, ఫాస్ఫేట్ కరువైన నీటిలో పగడాలు వేడికి, వెలుతురుకు త్వరగా తెల్లబోతాయని వాళ్ళు చూపించారు. ఎక్కువతక్కువల కంటే అసమతుల్యమే ప్రమాదం. రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి పేరుతో నత్రజని పదహారుకు భాస్వరం ఒకటని సముద్రశాస్త్రం చెబుతుంది. దాన్ని మంత్రంలా పట్టుకుని తొట్టెలో సరిగ్గా ఆ అంకె కోసం మందులు వేయడం కూడా తప్పే. అది సూక్ష్మజీవుల దేహాల సగటు, తొట్టెకు రాసిచ్చిన చీటీ కాదు. నైట్రేట్ 2 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉండి, రెండూ సున్నా కాకుండా ఉంటే నేను చేయి పెట్టను.

లేశమాత్ర మూలకాల మీద గొడవ ఇంకా తీరలేదు. మార్లిన్ అట్కిన్సన్, క్రెయిగ్ బింగ్‌మన్ 1998లో బజారు ఉప్పులను విశ్లేషించి, వాటిలో చాలా లోహాలు సహజజలంలో కంటే ఎంతో ఎక్కువని చూపించారు. తర్వాత కొన్నేళ్ళకు రాన్ షిమెక్ అనే జీవశాస్త్రజ్ఞుడు తొట్టెల్లో లోహాలు పేరుకుని జీవాలను నెమ్మదిగా చంపుతున్నాయని హెచ్చరించాడు. మిగతా రసాయన శాస్త్రజ్ఞులు ఆ లోహాల్లో ఎక్కువ భాగం సేంద్రియ పదార్థాలకు అతుక్కుని హాని చేయని రూపంలో ఉంటుందని ఎదురువాదించారు. ఇప్పుడు ఐసీపీ పరీక్ష, అంటే మొదట చెప్పిన సీసా పంపి చేయించే ప్రయోగశాల పరీక్ష, ఇంటిదాకా వచ్చింది. తుప్పుపట్టిన అయస్కాంతం, పగిలిన హీటర్ వదిలే లోహాలు, మందుగా వేసి మరిచిపోయిన రాగి: వీటిని పట్టుకోవడంలో దానికి సాటి లేదు. రాగి కొద్దిగా ఉన్నా వెన్నెముక లేని జీవాలు బతకవు కాబట్టి ఆ ఒక్కదాని కోసమైనా పరీక్ష విలువైనదే. కానీ ఆల్కలినిటీ, అమ్మోనియా, పీహెచ్‌లను ఐసీపీ చెప్పలేదు. దారిలో రోజులు గడిచిన సీసా నీటిలో అవి మారిపోయి ఉంటాయి కూడా. ఆ జాబితాలో తక్కువ చూపిన ప్రతిదానికీ ఒక సీసా కొని పోసే అలవాటును మాత్రం నేను ఒప్పుకోను. కనీస కొలత హద్దుకు దగ్గరగా ఉన్న అంకె మీద అంత నమ్మకం పెట్టకూడదు.

ఇంతసేపూ పగడాల గురించి చెప్పాను గానీ, భారతదేశంలో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, సముద్రపు విసనకర్రలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రంలోంచి తీసిన పగడాన్ని కొనడం నేరం. చవకగా వస్తోందని ఎవరైనా ఇస్తే వద్దనండి. తెలుగు ఇళ్ళలో పెట్టుకోదగ్గది చేపల తొట్టె. క్లౌన్‌ఫిష్‌లను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాల్లో గుడ్లనుంచే పెంచి చూపించింది. హేచరీలో పుట్టిన చేపను అడిగి కొనుక్కోవచ్చు.

పగడాలు లేనప్పుడు కాల్షియం, మెగ్నీషియం కిట్లు కొనవలసిన పనే లేదు. అమ్మోనియా మొదటి రెండు నెలలు, తర్వాత చేప కొత్తగా వచ్చినప్పుడు మాత్రమే చూస్తే సరిపోతుంది. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద తిరిగే గాలిపంపు ఏ కిట్టుకంటే ముందు కొనాలి. 25 డిగ్రీల సముద్రజలం పట్టగల ఆక్సిజన్ లీటరుకు 6.8 మిల్లీగ్రాముల దాకా ఉంటే, 30 డిగ్రీల దగ్గర 6.2కు దిగుతుంది. నీరు కదలకపోతే అది కూడా గంటల్లో ఖర్చయిపోతుంది. ఆల్కలినిటీ కిట్టు మాత్రం ఇక్కడా ఉండాలి. చేప తిన్న మేత నైట్రేట్‌గా మారే దారిలో ఆమ్లం పుడుతుంది. నైట్రేట్ లీటరుకు 50 మిల్లీగ్రాములు పేరుకునేసరికి ఆల్కలినిటీ 2.3 డీకేహెచ్ ఖర్చయిపోతుంది. పగడం ఒక్కటీ లేని తొట్టెలో ఏడాది తిరిగేసరికి పీహెచ్ ఎందుకు జారుతోందో తెలియక తికమకపడే ఇళ్ళలో కారణం తరచుగా ఇదే. రెండు వారాలకోసారి ఆ ఒక్క పరీక్ష చేసి, పదిహేను శాతం నీళ్ళు మార్చుకుంటూ, తగ్గినప్పుడు 200 లీటర్లకు ఆరేసి గ్రాముల వంటసోడాను ఆర్‌ఓ నీటిలో కరిగించి పోసుకుంటే చాలు.